జంట డిస్కులు: ఒకటి పోతే రెండోది యంత్రాన్ని లేపగలదా?



హైదరాబాదు పాతబస్తీకి వెళ్లినవారికి నయాపూల్ తెలిసే ఉంటుంది. మూసీ నది మీద ఆ వంతెనకు ఒక దరిన ఉస్మానియా ఆసుపత్రి, మరో దరిన హైకోర్టు భవనం కనిపిస్తాయి. 'నయా' అంటే కొత్త, 'పూల్' అంటే వంతెన. కొత్త వంతెన అన్న పేరు ఉన్నదంటే పాతది కూడా ఒకటి ఉన్నట్లే కదా! అదే పురానాపూల్. 1578లో కుతుబ్‌షాహీల కాలంలో కట్టారు. నయాపూల్ దారి మూసుకుపోయిన రోజున పురానాపూల్ మీదుగా నది దాటవచ్చు. ఒకే పనికి రెండు దారులు ఉండడం వల్ల కలిగే మేలు ఇదే.

ఇప్పుడొక చిక్కు ప్రశ్న. రెండో వంతెన గట్టిగానే ఉంది, కానీ వీధి నుంచి ఆ వంతెన మీదికి ఎక్కే బాట వేయలేదనుకోండి. ఆ వంతెన ఆపదలో మనకు ఉపయోగపడుతుందా? పడదు. ఏటి మధ్యలో ఎంత బలంగా నిలబడి ఉన్నా, ఎక్కే దారి లేని వంతెన లేనిదానితో సమానమే.

కంప్యూటర్లలో సమాచారాన్ని కాపాడడానికి రెండు హార్డ్ డిస్కులను జంటగా అమర్చే పద్ధతి ఒకటి ఉంది. అందులో సరిగ్గా ఇటువంటి చిక్కే దాగి ఉంది. దాన్ని ఈ పాఠంలో విప్పి చూద్దాం.

డిస్కు ఎందుకు పాడవుతుంది?

హార్డ్ డిస్కు లోపల నున్నని పళ్లేలు ఉంటాయి. వాటి మీద అయస్కాంత పదార్థపు పలుచని పూత ఉంటుంది. మేజా మీది కంప్యూటర్లలో వాడే డిస్కులు సాధారణంగా నిమిషానికి 5400 లేక 7200 సార్లు తిరుగుతాయి. సమాచారాన్ని చదివే తల పళ్లేన్ని తాకదు. దాని మీద కొన్ని నానోమీటర్ల ఎత్తున, గాలి పొర మీద తేలుతూ ఉంటుంది. మన వెంట్రుక మందం ఆ ఎత్తుకు వేల రెట్లు ఉంటుంది. ఇంత సున్నితమైన యంత్రం ఏళ్ల తరబడి పగలూ రాత్రీ తిరిగితే ఏదో ఒకనాడు చెడిపోక తప్పదు.

ఈనాడు చాలా కంప్యూటర్లలో తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీలు వచ్చాయి. అవి కూడా చెడిపోతాయి. ఒక్కోసారి ముందుగా ఏ సూచనా ఇవ్వకుండానే చెడిపోతాయి. కనుక ఈ పాఠం వాటికీ వర్తిస్తుంది.

మీ బడి కంప్యూటర్లో పదో తరగతి వాళ్ల మార్కులన్నీ ఒకే డిస్కులో ఉన్నాయనుకోండి. వివరాలు పైకి పంపవలసిన రోజు ఉదయాన ఆ డిస్కు ఆగిపోతే? యంత్రాన్ని మళ్లీ కొనుక్కోవచ్చు. అందులోని మార్కులను బజారులో కొనలేం కదా!

అద్దం పద్ధతి

దీనికి కనిపెట్టిన ఉపాయం చాలా సులువైనది. రెండు డిస్కులు పెట్టి, వ్రాసే ప్రతి అక్షరాన్నీ రెండింటిలోనూ వ్రాయడమే. అద్దంలో ప్రతిబింబంలాగ రెండో డిస్కు మొదటిదాన్ని పోలి ఉంటుంది. అందుకే దీన్ని అద్దం పద్ధతి అంటారు. కంప్యూటర్ వాళ్ల భాషలో దీని పేరు రెయిడ్-1. ఒక డిస్కు ఆగిపోయినా రెండోది పని సాగిస్తుంది.

దీనికి చెల్లించే మూల్యం ఏమిటి? 500 గిగాబైట్ల డిస్కులు రెండు కొన్నా, మనకు దక్కే చోటు 500 గిగాబైట్లే. సగం చోటు భద్రతకు ఖర్చవుతుంది.

కొంచెం చరిత్ర తెలుసుకుందాం. హార్డ్ డిస్కు గల మొదటి కంప్యూటరును ఐబీఎం సంస్థ 1956లో తెచ్చింది. అందులో రెండడుగుల వ్యాసం గల పళ్లేలు 50 ఉండేవి. అంత పెద్ద యంత్రంలో పట్టే అక్షరాలు 50 లక్షలు మాత్రమే! క్షణం కూడా ఆగకూడని బ్యాంకు పనుల వంటివాటి కోసం 1970ల చివరి భాగంలో టాండెమ్ అనే అమెరికా సంస్థ తన కంప్యూటర్లలో జంట డిస్కులను వాడింది. 1988లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్కిలీకి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు ఒక పరిశోధన వ్యాసం ప్రకటించారు. చవక డిస్కులను గుంపుగా చేర్చి నమ్మదగిన నిల్వను తయారుచేయడం ఎట్లాగో అందులో వివరించారు. రెయిడ్ అన్న పేరు అక్కడినుంచే వచ్చింది.

ఒక చిన్న లెక్క

ఒక డిస్కు ఏడాదిలో చెడిపోయే సంభావ్యత 50లో 1 అని ఊహించుకుందాం. రెండూ అదే ఏడాదిలో చెడిపోయే సంభావ్యత 1/50 × 1/50, అంటే 2500లో 1. ఎంత తగ్గిందో చూశారా!

కానీ ఇక్కడ జాగ్రత్త అవసరం. సంభావ్యతలను ఇట్లా గుణించాలంటే ఆ రెండు ఘటనలకూ ఒకదానితో ఒకటి సంబంధం ఉండకూడదని గణితంలో చదువుకున్నారు. మన జంట డిస్కులు ఒకే డబ్బాలో, ఒకే వేడిలో, ఒకే విద్యుత్ సరఫరా మీద పనిచేస్తున్నాయి. ఒక్క పిడుగుపాటుకు రెండూ పోవచ్చు. కనుక అసలు ప్రమాదం మన లెక్కలో తేలినదానికంటే ఎక్కువే.

యంత్రం ఎట్లా మేల్కొంటుంది?

ఇక అసలు చిక్కుకు వద్దాం. కంప్యూటర్ మీట నొక్కగానే ఏం జరుగుతుంది? మీట నొక్కిన క్షణంలో దాని జ్ఞాపకశక్తి ఖాళీ. లినక్స్, విండోస్ వంటి నిర్వాహక వ్యవస్థ ఇంకా డిస్కులో నిద్రపోతూ ఉంటుంది. డిస్కును చదవడానికి ఒక ప్రోగ్రాము కావాలి. ఆ ప్రోగ్రామేమో డిస్కులోనే ఉంది! తన బూట్ల పట్టీలు తానే పట్టుకొని తనను పైకి లేపుకోవడంలాంటి పని ఇది. 'బూట్' అవడం అన్న మాట ఆ పోలిక నుంచే పుట్టింది.

ఈ పని మెట్లు మెట్లుగా జరుగుతుంది.

మొదటి మెట్టు: కంప్యూటర్ పలక మీది చిప్పులో ఎప్పుడూ ఉండే చిన్న ప్రోగ్రాము లేస్తుంది. పాత యంత్రాలలో దాని పేరు బయాస్.

రెండో మెట్టు: బయాస్‌కు ఎక్కువ తెలివి లేదు. డిస్కులోని మొట్టమొదటి గడిని, అంటే 512 బైట్లను, చదివి అందులోని ఆజ్ఞలను పాటించడమే దానికి తెలుసు. ఆ గడి పేరు ఎంబీఆర్. అందులో 446 బైట్లు ప్రారంభ ప్రోగ్రాముకు, 64 బైట్లు డిస్కు భాగాల పట్టికకు, చివరి 2 బైట్లు గుర్తుకు కేటాయించారు. కూడి చూడండి, 512 వస్తుంది.

మూడో మెట్టు: 446 బైట్లలో ఏపాటి ప్రోగ్రాము పడుతుంది? ఈ వ్యాసంలోని ఒక పెద్ద పేరా అందులో పట్టదు. అందుకని ఆ చిన్న ప్రోగ్రాము తనకంటే పెద్దదాన్ని పిలుస్తుంది. లినక్స్ యంత్రాలలో సాధారణంగా వాడే ఆ పెద్ద ప్రోగ్రాము పేరు గ్రబ్. దాని ముఖ్యభాగాన్ని ఎంబీఆర్‌కూ మొదటి భాగానికీ నడుమ ఖాళీగా విడిచిన గడులలో దాస్తారు.

నాలుగో మెట్టు: గ్రబ్ నిర్వాహక వ్యవస్థకు గుండెకాయ వంటి కెర్నెల్‌ను జ్ఞాపకశక్తిలోకి తెస్తుంది.

ఐదో మెట్టు: కెర్నెల్ లేచి రెండు డిస్కులనూ పరిశీలించి, ఇవి జంట అని గుర్తించి, అద్దాన్ని కూరుస్తుంది.

ఇప్పుడు గమనించండి. ఇటువంటి అమరికలో ఐదో మెట్టు వచ్చేదాకా ఆ డిస్కులు జంట అని కెర్నెల్‌కు తెలియదు. బయాస్‌కైతే ఎప్పటికీ తెలియదు. దాని కంటికి అవి వేరువేరు డిస్కులే.

ఎక్కే బాట లేని వంతెన

హార్డ్ డిస్కును మనం భాగాలుగా విభజిస్తాం. పొలాన్ని గట్లు వేసి మళ్లుగా చేసినట్లు ఇవి డిస్కులో మళ్లు అన్నమాట. లినక్స్‌లో సాధారణంగా అద్దం కూర్చేది ఈ భాగాలకు. మొదటి డిస్కులోని రెండో భాగానికి రెండో డిస్కులోని రెండో భాగం జత, అట్లాగన్నమాట.

మరి ఎంబీఆర్ ఏ భాగంలో ఉంది? ఏ భాగంలోనూ లేదు! అది అన్ని భాగాలకూ ముందు, గట్టుకు బయట ఉంది. గ్రబ్ దాగిన ఖాళీ గడులు కూడా బయటే ఉన్నాయి. కనుక అద్దంలో వాటి ప్రతిబింబం పడదు.

ఫలితం ఏమిటి? మార్కులు, ఉత్తరాలు, కెర్నెల్‌తో సహా అన్నీ రెండో డిస్కులో ఉంటాయి. మొదటి గడిలో ప్రారంభ ప్రోగ్రాము మాత్రం ఉండదు. మొదటి డిస్కు పగలు నడుస్తూ నడుస్తూ ఆగిపోతే యంత్రం పని చేస్తూనే ఉంటుంది. "అద్దం పద్ధతి ఎంత గొప్పది!" అని మెచ్చుకుంటాం. సాయంత్రం కరెంటు పోయి వచ్చిన తరువాత మీట నొక్కితే, ప్రారంభించడానికి ఏమీ దొరకలేదన్న సందేశం ఒక్కటే తెర మీద కనబడుతుంది. సమాచారం చెక్కుచెదరకుండా ఉన్నా అక్కడికి చేరే బాట లేదు.

జంటను సరిగా అమర్చే విధం

ఈ క్రమాన్ని జాగ్రత్తగా చదవండి.

1. రెండు డిస్కులనూ ఒకే కొలతలతో భాగాలు చేయాలి. ఉదాహరణకు, మొదట బూట్ కోసం 1 గిగాబైటు, తరువాత స్వాప్ కోసం 4 గిగాబైట్లు, మిగిలినదంతా వ్యవస్థకూ సమాచారానికీ.

2. ఈ మూడు జతలకూ అద్దం కూర్చాలి. స్వాప్ అంటే జ్ఞాపకశక్తి చాలనప్పుడు కంప్యూటర్ తాత్కాలికంగా వాడుకొనే చోటు. తాత్కాలికమే కదా అని దాన్ని అద్దం లేకుండా వదిలితే, ఆ డిస్కు ఆగిన క్షణాన నడుస్తున్న ప్రోగ్రాములు కూలిపోవచ్చు.

3. అద్దంలోని ప్రతి భాగానికీ "నేను ఫలానా జంటలో సభ్యుణ్ణి" అని తెలిపే చీటీ ఒకటి ఉంటుంది. గ్రంథాలయ పుస్తకానికి అంటించే చీటీ వంటిదే ఇది. దాన్ని భాగం మొదట్లోనూ అంటించవచ్చు, చివరలోనూ అంటించవచ్చు. బూట్ భాగానికి చివర అంటించడం ఒక పాత, మంచి అలవాటు. అప్పుడు అద్దం సంగతి తెలియని ప్రారంభ ప్రోగ్రాము కూడా దాన్ని మామూలు భాగంగా భావించి చదవగలదు. ఇప్పటి గ్రబ్ మొదట్లో చీటీ ఉన్నా చదవగలదు.

4. గ్రబ్‌ను రెండు డిస్కులలోనూ విడివిడిగా స్థాపించాలి. రెండో వంతెనకు బాట వేయడం ఇదే. నిమిషం పట్టని ఈ పనినే చాలామంది మరచిపోతారు.

5. బయాస్ వెతికే వరుసలో రెండో డిస్కును కూడా చేర్చాలి.

కొత్త యంత్రాల సంగతి

ఇప్పటి కంప్యూటర్లలో బయాస్ స్థానంలో యూఈఎఫ్ఐ వచ్చింది. ఎంబీఆర్ పట్టిక బదులు జీపీటీ పట్టిక వచ్చింది. పాత పట్టికతో దాదాపు 2 టెరాబైట్లకు మించిన డిస్కును పూర్తిగా వాడుకోలేం. జీపీటీలో ఒక ముచ్చట ఉంది. దాన్ని రూపొందించినవారు పట్టిక నకలును డిస్కు చివర కూడా ఉంచారు. మొదటిది చెడితే రెండోది అక్కరకు వస్తుంది.

యూఈఎఫ్ఐ మొదటి గడిని కాక ఒక ప్రత్యేక చిన్న భాగాన్ని వెతుకుతుంది. అందులోని ప్రారంభ ఫైలును చదువుతుంది. మరి ఆ భాగానికి అద్దం కూర్చవచ్చునా? చీటీని చివర అంటించి కొందరు కూరుస్తారు. కానీ యూఈఎఫ్ఐకి అద్దం సంగతి తెలియదు. అది ఎప్పుడైనా ఒక వైపు మాత్రమే ఏదైనా వ్రాస్తే రెండు వైపులా తేడా వస్తుంది, ఆ తేడా లినక్స్‌కు తెలియదు. అందువల్ల రెండు డిస్కులలోనూ ఆ భాగాన్ని విడివిడిగా ఉంచి, ఒకదానిలో మార్పు జరిగినప్పుడల్లా రెండోదానిలోనూ చేయడం నయం. యూఈఎఫ్ఐ పట్టికలో రెండింటి పేర్లూ నమోదు చేయాలి.

పరీక్షించనిది పని చేస్తుందని నమ్మవద్దు

విజ్ఞానశాస్త్రంలో ప్రయోగానికి నిలిచిందే నిజం. రెండో డిస్కు యంత్రాన్ని లేపగలదా అన్నది ఊహించి చెప్పేది కాదు, చేసి చూడవలసినది. యంత్రాన్ని ఆపి, కరెంటు తీసి, మొదటి డిస్కు తీగ ఊడదీసి మీట నొక్కాలి. లేచిందా? మంచిది. ఆ డిస్కును తిరిగి చేర్చి, రెండూ సమానమయ్యేదాకా ఆగి, ఈసారి రెండోదాన్ని ఊడదీసి చూడాలి. ఈ పరీక్ష విలువైన సమాచారం ఎక్కించకముందే చేయాలి.

ఇంకో సంగతి. జంటలో ఒక డిస్కు పోయినా యంత్రం మామూలుగానే నడుస్తుంది. అదే దాని గొప్ప, అదే దాని ప్రమాదం కూడా! ఎవరూ గమనించకపోతే, నెలల తరువాత రెండోది కూడా పోయిన రోజున కాని అసలు సంగతి బయటపడదు. లినక్స్‌లో అద్దం స్థితిని తెలిపే ఫైలు ఉంటుంది. రెండూ బాగుంటే అందులో రెండు 'యూ' అక్షరాలు పక్కపక్కన కనబడతాయి. ఒకటి పోతే ఒక 'యూ' బదులు గీత ఉంటుంది. వారానికోసారైనా దాన్ని చూడాలి. లేదా డిస్కు పోగానే కంప్యూటరే మనకు ఉత్తరం పంపేటట్లు ఏర్పాటు చేసుకోవాలి.

కొత్త డిస్కు పెట్టినప్పుడు నాలుగు పనులు వరుసగా చేయాలి. మంచి డిస్కు నుంచి భాగాల పట్టికను కొత్తదానికి నకలు చేయాలి. పొరపాటున దిక్కు మారితే ఖాళీ పట్టిక వచ్చి మంచిదాని మీద పడుతుంది! జీపీటీ అయితే కొత్త డిస్కుకు వేరే గుర్తింపు సంఖ్యలు ఇవ్వాలి. తరువాత దాని భాగాలను అద్దంలో చేర్చాలి. చివరిది, గ్రబ్‌ను మళ్లీ కొత్త డిస్కులో స్థాపించాలి. కొత్త వంతెన కట్టినప్పుడల్లా కొత్త బాట వేయక తప్పదు.

సమాచారం మళ్లీ నిండడానికి ఎంత సేపు పడుతుంది? సెకనుకు 100 మెగాబైట్ల చొప్పున 500 గిగాబైట్లకు 5000 సెకన్లు, అంటే సుమారు 83 నిమిషాలు. ఆ 83 నిమిషాలూ మన సమాచారానికి ఒకే డిస్కు దిక్కు.

అద్దం కాపాడలేనిది

అద్దం ముందు నిలబడి మీరు ముఖానికి మసి పూసుకుంటే అద్దంలోని ముఖానికీ మసి అంటుతుంది కదా! అట్లాగే పొరపాటున ఒక ఫైలు చెరిపితే ఆ క్షణమే రెండు డిస్కులలోనూ చెరిగిపోతుంది. వైరస్ చేసిన నష్టం కూడా రెండింటికీ అంటుతుంది.

మళ్లీ నయాపూల్‌ను తలుచుకుందాం. 1908 సెప్టెంబరు 28న మూసీకి మహా వరద వచ్చింది. వేలమంది ప్రాణాలు కోల్పోయారు. నది మీద ఒకటి కాదు, పలు వంతెనలు వరద తాకిడికి గురయ్యాయి. అన్నీ ఒకే నది మీద ఉన్నాయి మరి! ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికి బయటపడ్డారని చెబుతారు. వరద అందని ఎత్తు ఆ చెట్టు కొమ్మలకు ఉన్నది. మన సమాచారానికి కూడా అటువంటి చెట్టు ఒకటి కావాలి. అంటే, ఆ గదికి దూరంగా, మరో చోట దాచిన నకలు.

దీనికి మన తెలుగు పుస్తకాలే సాక్ష్యం. 'డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా' పథకంలో ఎన్నో పాత తెలుగు పుస్తకాల పుటలను స్కాన్ చేశారు. ఆ పనికి హైదరాబాదు ట్రిపుల్ ఐటీ ఒక ముఖ్య కేంద్రం. 2017 ప్రాంతంలో ఆ వెబ్‌సైటు పాఠకులకు అందకుండా పోయింది. అయినా ఆ పుస్తకాలలో చాలావాటిని ఇప్పటికీ చదవగలుగుతున్నాం. వాటి నకళ్లు అమెరికాలోని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉండడమే కారణం. జంట డిస్కులు యంత్రాన్ని ఆగకుండా నడిపిస్తాయి. దూరాన ఉన్న నకలు పోయినదాన్ని తిరిగి తెస్తుంది. రెండూ కావాలి, ఒకటి ఉన్నదని రెండోదాన్ని మానకూడదు.

మీరే చేసి చూడండి

దీనికి అసలు డిస్కులను ముట్టుకోనక్కరలేదు. వర్చువల్‌బాక్స్ అనే ఉచిత ప్రోగ్రాముతో కంప్యూటర్ లోపలే మరో ఊహా కంప్యూటరును సృష్టించవచ్చు. బడిలో ఉపాధ్యాయుల సహాయంతో దానికి 10 గిగాబైట్ల ఊహా డిస్కులు రెండు తగిలించి, జంట పద్ధతిలో లినక్స్ ఎక్కించండి. తరువాత మొదటి డిస్కును తొలగించి మీట నొక్కండి. లేవకపోతే ఏ మెట్టు దగ్గర ఆగిందో కనుక్కోండి. ఆ మెట్టును సరిచేసి మళ్లీ ప్రయత్నించండి. ఇక్కడ ఎన్నిసార్లు చెడినా నష్టం లేదు.

ఆలోచించండి

1. మూడు డిస్కులను అద్దంగా కూరిస్తే గ్రబ్‌ను ఎన్ని చోట్ల స్థాపించాలి?

2. ఒకే రోజున తయారైన రెండు డిస్కులకంటే వేరువేరు కాలాల్లో తయారైన రెండు డిస్కుల జంట నయమని కొందరు అంటారు. ఎందుకు? సంభావ్యత లెక్కతో పోల్చి చెప్పండి.

3. 2 టెరాబైట్ల డిస్కు సెకనుకు 100 మెగాబైట్ల చొప్పున నిండడానికి ఎన్ని గంటలు పడుతుంది?

4. మీ బడి కంప్యూటర్లోని సమాచారానికి 'చింతచెట్టు' ఎక్కడ ఉంది? లేకపోతే దానికి తగిన చోటు ఏదో మీ ఉపాధ్యాయులతో కలిసి నిర్ణయించండి.